11 టూళ్ల పెట్టె ఇప్పుడే వద్దు

గాజువాక

అమ్మడికి,

వద్దు, ఇప్పుడే కొనకు. 11 కార్బైడ్ టూళ్లు, ఎర్ర రంగు వేసిన కాడలు, వాటికో చెక్క పెట్టె. ఫొటోలో ముచ్చటగానే ఉన్నాయి. అందులో సగం టూళ్లకు నీ దగ్గర పనే లేదు. మిగతా సగం పెట్టె విప్పిన రోజున సరిగ్గా కోయవు. చవక సెట్లలో కార్బైడ్ ముక్కను కాడకు బ్రేజింగ్ చేసి, పైపైన రాయి తగిలించి పంపిస్తారు. కొస తీర్చుకోవడం కొన్నవాళ్ల పని. దానికి మామూలు బూడిద రంగు సానరాయి చాలదు. పచ్చ రంగు సిలికాన్ కార్బైడ్ రాయో, డైమండ్ చక్రమో కావాలి. సానపట్టేటప్పుడు లేచే దుమ్ములో కోబాల్ట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చెడ్డది, కాబట్టి మంచి మాస్కు కావాలి. ఇవేవీ లేకుండా పెట్టె తెప్పించుకుంటే డబ్బు పోయి నీ పని మీద గీతలు మాత్రం అలాగే మిగులుతాయి.

అసలు నీ ప్రశ్న కన్నా నువ్వు పంపిన ఫొటో ఎక్కువ చెప్పింది. చక్‌లో బిగించిన కడ్డీ మీద గట్లు కనిపిస్తున్నాయి. అది స్లాబుకు వాడే టీఎంటీ కడ్డీ. మేడ మీద గది వేసినప్పుడు మిగిలిన ముక్క అయి ఉంటుంది. దాని మీద చేయి తిప్పుకోమని ఎవరు చెప్పారమ్మా నీకు? టీఎంటీ కడ్డీని ఎలా చేస్తారో తెలిస్తే నువ్వే దాన్ని పక్కన పడేస్తావు. రోలింగ్ నుంచి ఎర్రగా బయటికొచ్చిన కడ్డీ మీద నీళ్లు బలంగా కొడతారు. పైపొర ఒక్కసారిగా చల్లబడి గట్టిపడుతుంది. లోపల మిగిలిన వేడి మళ్లీ బయటికి పాకి ఆ గట్టిపొరకు కాస్త ఓర్పు తెస్తుంది. భవనానికి అది గొప్ప గుణం, లేత్ మీద మాత్రం కష్టం. టూలు ముందు ఆ గట్టిపొరను కోయాలి. పైగా ప్రతి చుట్టుకూ గట్లు వచ్చి కొసను కొడుతుంటాయి. కార్బైడ్ ఎంత గట్టిదైనా దెబ్బకు ఓర్చుకోదు, పెచ్చు ఊడుతుంది. నువ్వు అరువు తెచ్చుకున్న టూలు కొస విరిగింది అందుకే.

అచ్యుతాపురంలో ఉన్నదానివి, లోహానికి కరువు లేదు. ఒకవైపు సెజ్, ఇంకోవైపు పూడిమడక రేవు, ఎగువన అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు చెరకు పండించే ఊళ్లు. ఈ మూడూ మూడు రకాల తుక్కు ఇస్తాయి. ఏ తుక్కు చేతికొచ్చిందో తెలియకుండా టూలు ఎంచడం కుదరదు.

ఫార్మా కంపెనీల పైపుల పనిలో మిగిలే స్టెయిన్‌లెస్ ముక్కలు ఉంటాయి, 304, 316 రకాలు. తళతళలాడతాయి, అయస్కాంతం దాదాపు అంటుకోదు, చూడగానే మోజు పుడుతుంది. వాటి జోలికి ఇప్పుడు వెళ్లకు. ఆ జాతి స్టీలును టూలు కోయకుండా రుద్దితే రుద్దినచోట గట్టిపడుతుంది. నువ్వు భయపడి చేయి ఆపిన క్షణంలోనే ఆ గట్టిపొర తయారవుతుంది, తరువాతి కోతలో కొస పోతుంది. పదునైన టూలు, తక్కువ వేగం, ఆగని ఫీడ్, ఈ మూడూ చేతికి వచ్చాక దాన్ని ముట్టుకో.

పడవ షాఫ్టుకు పట్టే బుష్ గన్‌మెటల్‌ది అయితే ఆ ముక్క వదలకు. రాగి, తగరం, కొంచెం జింకు కలిసిన ఆ లోహం లేత్ మీద హాయిగా తెగుతుంది. దానికీ ఇత్తడికీ టూలు పైముఖం దాదాపు చదునుగా ఉండాలి. స్టీలుకు పెట్టినట్టు వాలుగా రేక్ పెడితే, చిన్న లేత్ క్రాస్‌స్లైడ్‌లో ఉన్న వదులంతా లాగేసుకుని టూలు లోపలికి దూసుకుపోతుంది. గానుగ రోలర్ లాంటి పోత ఇనుము చేతికొస్తే మొదటి కోత పైపొర కిందికి దిగేంత లోతుగా పెట్టు. ఆ పొరలో పోత ఇసుక ఉంటుంది, పైపైన గీకితే కొసను అరగదీస్తుంది. పోత ఇనుముకు నూనె అక్కర్లేదు, చుట్టలు రావు, నల్లటి పొడి రాలుతుంది. ఆ పొడిని లేత్ బెడ్ మీద ఉంచకుండా తుడిచెయ్యి.

నేర్చుకోవడానికి మాత్రం 20 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ బ్రైట్ బార్ ఒక మూర కొనుక్కో. ఈఎన్1ఎ అని అడిగి దొరికితే ఇంకా మంచిది, అది సులువుగా తెగేందుకే గంధకం ఎక్కువ కలిపి చేసిన స్టీలు. గాజువాక ఆటోనగర్‌లో లేత్ వర్క్స్‌ వాళ్లను అడిగినా చివరి ముక్కలు ఇస్తారు.

ఇక నీ యంత్రం. 550 వాట్ల మోటారు, 180 మిల్లీమీటర్ల స్వింగ్. బుజ్జి లేత్, మంచిదే. కానీ కార్బైడ్ అడిగే వేగం దానికి ఎంత బరువో లెక్క వేసి చూడు. 1 మిల్లీమీటరు లోతు, చుట్టుకు 0.1 మిల్లీమీటరు ఫీడ్ అనుకుందాం. మైల్డ్ స్టీల్‌లో ఆ కోతకు టూలు మీద పడే బలం సుమారు 200 న్యూటన్లు, అంటే 20 కిలోల బరువు. హైస్పీడ్ స్టీల్ టూలుకు నిమిషానికి 30 మీటర్ల వేగం సరిపోతుంది. నీ 20 మిల్లీమీటర్ల కడ్డీకి అది 480 ఆర్‌పీఎం దగ్గర, ఖర్చయ్యే శక్తి 100 వాట్లు. కార్బైడ్ తన పనితనం చూపించాలంటే కనీసం 120 మీటర్లు కావాలి. అప్పుడు 1900 ఆర్‌పీఎం, 400 వాట్లు. బెల్టులూ గేర్లూ తినేది పోగా నీ మోటారుకు మిగిలేది దాదాపు అంతే. అందుకే నువ్వు కోత లోతు తగ్గిస్తావు, వేగం తగ్గిస్తావు. అప్పుడు కార్బైడ్ కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. స్టీలు కోసం చేసే, హోల్డర్‌కు మరతో బిగించే కార్బైడ్ ఇన్సర్టుల కొసను పెచ్చు ఊడకుండా కావాలనే కాస్త గుండ్రం చేస్తారు. మొద్దు కత్తిపీట టమాటాను నలిపినట్టు, ఆ గుండ్రటి కొస సన్నటి పొరను కోయలేక నలుపుతుంది. నీ కడ్డీ మీద చిరిగినట్టు కనిపించే గరుకు అదే.

కాబట్టి నీకు హైస్పీడ్ స్టీలే, అదే హెచ్ఎస్ఎస్. 8 మిల్లీమీటర్ల చదరపు బిట్ రెండు కొను. కొట్టులో ఇప్పటికీ అంగుళాల్లోనే చెబుతారు, 5/16 అని అడుగు. మిరాండా పేరు మీద వచ్చే బిట్లు మన దేశంలో టర్నర్లందరికీ తెలిసినవే. ఎం2 రకం చాలు: సుమారు 6 శాతం టంగ్‌స్టన్, 5 శాతం మాలిబ్డినం, 4 శాతం క్రోమియం, 2 శాతం వెనేడియం ఉన్న స్టీలు అది. 5 శాతం కోబాల్ట్ కలిపిన ఎం35 తరువాత ఎప్పుడైనా స్టెయిన్‌లెస్ కోసం. పేరు లేని బిట్ ఎవరైనా అంటగడితే రాయి మీద ఒక్కసారి ఆనించి చూడు. మామూలు కార్బన్ స్టీల్ అయితే తెల్లటి రవ్వలు చిట్లుతూ దూరం ఎగురుతాయి. హెచ్ఎస్ఎస్ రవ్వలు ఎర్రగా, పొట్టిగా, మసకగా ఉంటాయి.

ఇక్కడ కాసేపు ఆగాలి అమ్మడూ. సానపట్టడం నీకు పాతకాలపు పనిలా తోచిందని నీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఎలమంచిలి దాటి ఏటికొప్పాక ఎంత దూరం నీకు? ఒక ఆదివారం వెళ్లి కూర్చో. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్లో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి బొమ్మలు చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఆ బొమ్మలే వెళ్లాయి. సహజ రంగులను తిరిగి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవన్నీ పేపర్లో చదివే ఉంటావు. నువ్వు చూడాల్సింది బొమ్మను కాదు, ఉలిని. ఉలి అక్కడ మనిషి చేతిలో ఉంటుంది. కొస మొద్దుబారితే మణికట్టుకు ముందు తెలుస్తుంది, వెంటనే లేచి పదును పెట్టుకుంటారు. నీ లేత్‌లో ఆ బలమంతా టూల్‌పోస్టు మింగేస్తుంది, నీ చేతికి ఏమీ తెలియదు. అందుకని నువ్వు చిప్‌ను చూసి, చప్పుడు విని తెలుసుకోవాలి. ఇంకొకటి కూడా గమనించు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. వాళ్లకు ఉపకారం చేసే ఆ వేడే నీ టూలు కొసను తినేస్తుంది. లోహం కోసే టూళ్ల చరిత్ర అంతా ఆ వేడిని ఓడించడానికి పడ్డ పాట్ల చరిత్రే.

పాత కార్బన్ స్టీల్ టూలు 250 డిగ్రీల దగ్గరే మెత్తబడేది. 1868లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ ముషెట్ టంగ్‌స్టన్ కలిపి కొంత మెరుగైన స్టీలు తెచ్చాడు. అసలు మలుపు అమెరికాలో వచ్చింది. ఫ్రెడరిక్ టేలర్ అనే ఆయన 1878లో మిడ్‌వేల్ స్టీల్ కంపెనీలో కూలీగా చేరి, లేత్ నడిపి, ఫోర్‌మన్ అయినవాడు. ఏ టూలు, ఏ కోణం, ఎంత వేగం అన్నది మేస్త్రీల అలవాటుకు వదలకూడదని 1880లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. 26 ఏళ్లు సాగాయి. 8 లక్షల పౌండ్ల ఇనుమూ ఉక్కూ చిప్స్‌గా మారాయి. ఆ మధ్యలో, బెత్లెహెం స్టీల్‌లో, మాన్సెల్ వైట్‌తో కలిసి ఒక వింత కనిపెట్టాడు. కొలిమి పనివాళ్లంతా టూలును ముదురు ఎరుపు దాటి కాలిస్తే పాడవుతుందని నమ్మేవాళ్లు. వీళ్లిద్దరూ టంగ్‌స్టన్, క్రోమియం ఉన్న స్టీలును కరిగే హద్దు దాకా కాల్చి చల్లార్చారు. ఆ టూలు కొస ఎర్రబడినా కోస్తూనే ఉంది. 1900 పారిస్ ప్రదర్శనలో నీలంరంగు చిప్స్ లేస్తుంటే యూరప్ ఇంజినీర్లు నిలబడి చూశారు. నీ చేతికి రాబోయే ఎం2 బిట్ ఆ కుటుంబంలోదే, 600 డిగ్రీల దాకా గట్టితనం వదలదు. సానపట్టేటప్పుడు కొస కాస్త నీలంగా మారినా కంగారుపడక్కర్లేదు. అయినా చేత్తో పట్టుకోలేనంత వేడి ఎక్కనీయకు, మధ్యమధ్య నీళ్లలో ముంచు. బ్రేజింగ్ చేసిన కార్బైడ్‌ను మాత్రం వేడి మీద నీళ్లలో ముంచితే పగులుతుంది.

సానపట్టే తీరు చెప్తాను, విను. ముందు ముక్కు కింద 8 డిగ్రీల క్లియరెన్స్. తరువాత కోసే పక్క కింద అంతే. ఆఖరున పైముఖం మీద పక్కకు వాలేలా 12 డిగ్రీల రేక్. ఇది మైల్డ్ స్టీల్‌కు. కోణమానిని నీ జామెట్రీ బాక్సులో ఉంది కదా, దాంతో అట్టముక్క ఒకటి కత్తిరించి దగ్గర పెట్టుకో. పెద్ద కర్మాగారాల్లో దీనికి వేరే యంత్రాలుండేవి. 1943లో మొదలైన మన సికింద్రాబాద్ ప్రాగా టూల్స్ వాళ్ల గ్రైండర్లు వాటిలో పేరున్నవి. నీకు ఆరంగుళాల బెంచ్ గ్రైండర్ చాలు. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే లోహం పట్టించుకోదు. ముఖం మాత్రం ఒకే చదునుగా రావాలి. పదిసార్లు చిన్నచిన్నగా తాకిస్తే పది ముఖాలు వస్తాయి, గట్టిగా నిలిపి ఒక్క ఊపున పట్టు. చివర నూనెరాయి మీద కొస రుద్ది, ముక్కును కొద్దిగా, అర మిల్లీమీటరు లోపు, గుండ్రం చెయ్యి. చాలామంది ఈ నూనెరాయి దగ్గరే బద్ధకిస్తారు. రాయి గీతలు టూలు కొస మీద ఉంటే అవే గీతలు నీ పని మీద పడతాయి.

ఇంత చేసినా టూలు ఎత్తు తప్పితే అన్నీ వృథా. మీ పెదతాతయ్య ఈ ఒక్క మాట ఎవరికైనా విసుగు పుట్టేదాకా చెబుతాడు, నీకూ చెబుతున్నాడు. టూలు కొస సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉండాలి. కొస అర మిల్లీమీటరు పైకి ఉందనుకో. 20 మిల్లీమీటర్ల కడ్డీ మీద నువ్వు కష్టపడి పట్టిన 8 డిగ్రీల క్లియరెన్స్‌లో దాదాపు 3 డిగ్రీలు పోతాయి. ఇంకా 5 మిగిలాయి కనుక పని నడుస్తుంది. అదే టూలుతో 6 మిల్లీమీటర్ల పిన్ను తిప్పితే పోయేది దాదాపు 10 డిగ్రీలు. ఉన్నది 8. అంటే కొస కింది భాగం పనికి ఆనుకుని రుద్దుతోంది, కోత జరగదు. పెద్ద కడ్డీ బాగా వచ్చింది, సన్నది ఎందుకు రావడం లేదని నువ్వు రాశావు చూడు, జవాబు ఇదే అయ్యుండాలి. కొస కిందికి ఉంటే, కడ్డీ చివరి ముఖం కోసే ఫేసింగ్‌లో మధ్యన చిన్న మొటిమ మిగిలిపోతుంది.

చూసుకోవడం తేలిక. ఆరంగుళాల స్టీల్ స్కేలును టూలు కొసకూ గుండ్రటి కడ్డీకీ మధ్య మెల్లగా నొక్కి పట్టు. స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరి. పై అంచు నీ వైపు వాలితే టూలు కిందికి ఉంది, అవతలికి వాలితే పైకి ఉంది. నీ టూల్‌పోస్టుకు ఎత్తు సర్దే మర లేదు, కాబట్టి కింద ప్యాకింగ్ వెయ్యాలి. పాత హ్యాక్సా బ్లేడు పళ్లు రాయి మీద తీసేసి ముక్కలు చెయ్యి, ఒక్కోటి 0.6 మిల్లీమీటర్ల పైచిలుకు మందం. ఇంకా సన్నగా కావాలంటే కూల్‌డ్రింక్ డబ్బా రేకు, 0.1 దగ్గర ఉంటుంది. టూలును పోస్టు నుంచి పొడుగ్గా బయటికి లాగకు. బయటికొచ్చిన పొడవు రెట్టింపైతే వంగుడు ఎనిమిది రెట్లు అవుతుంది, వెంటనే కీచుమని చాటర్ మొదలవుతుంది.

ఇన్సర్టులు ఎప్పుడూ వద్దని కాదు. జర్మనీలో 1923లో టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి కాల్చే పద్ధతి వచ్చింది, 1926లో క్రుప్ కంపెనీ విడియా పేరుతో అమ్మకానికి తెచ్చింది. ఆ తరువాత కర్మాగారాల వేగమే మారిపోయింది. నీకూ ఒకరోజు అవసరం పడుతుంది. అప్పుడు ఏడు హోల్డర్ల సెట్టు కొనకు, ఒక్క ఎస్‌సిఎల్‌సిఆర్ 1010 హోల్డర్ కొను. టర్నింగ్‌కూ ఫేసింగ్‌కూ అదే సరిపోతుంది. దానికి పట్టే ఇన్సర్టు సిసిఎంటి 060204. మొదటి సి అంటే 80 డిగ్రీల ఆకారం, రెండో సి అంటే 7 డిగ్రీల క్లియరెన్స్. చివరి 04 అంటే ముక్కు గుండ్రం 0.4 మిల్లీమీటర్లు. నీ యంత్రానికి 02 ఇంకా నయం, ముక్కు సన్నబడితే టూలును తోసే బలం తగ్గుతుంది. అన్నిటికన్నా మంచిది సిసిజిటి. అల్యూమినియం కోసమని పాలిష్ చేసి పదునుగా తీర్చినవి అవి, చిన్న లేత్‌ల మీద తేలికపాటి కోతతో స్టీలునూ శుభ్రంగా కోస్తాయి. సెజ్‌లో పనిచేసే మీ బాబాయి సిఎన్ఎంజి ఇన్సర్టులు దోసెడు ఉచితంగా తెచ్చాడని మురిసిపోయావు. అవి రెండువైపులా వాడుకునేలా సున్నా క్లియరెన్స్‌తో చేసినవి, టన్నుల బరువున్న యంత్రం నొక్కితేగానీ కోయవు. బంగారు రంగు చూసి మోసపోకు, అది పూత.

పార్టింగ్ టూలు ఒక్కటి విడిగా కొను, 2 మిల్లీమీటర్ల వెడల్పుది, హెచ్ఎస్ఎస్ బ్లేడే. చక్‌కు వీలైనంత దగ్గరగా కోయి, వేగం సగానికి తగ్గించు, నూనె ధారగా పొయ్యి, చేయి ఆపకు. ఎక్కువసార్లు అది విరిగేది కడ్డీకి లంబంగా బిగించకపోవడం వల్ల. థ్రెడింగ్, బోరింగ్ సంగతులు ఇప్పుడు రాయను. బయటి పని మీద గీతలు పోయాక అడుగు.

సెలవుల్లో హైదరాబాద్ వెళ్తావేమో, బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో మొదలైంది. చిన్న కోర్సుల వివరాలు కనుక్కో. రాణిగంజ్‌లో టూళ్ల కొట్లు కూడా చూసి రా, కానీ జేబులో 5/16 బిట్ల డబ్బు మాత్రమే పెట్టుకుని వెళ్లు.

చివరగా ఒక జాగ్రత్త. నువ్వు పంపిన వీడియోలో చక్ తిరుగుతుండగా చిప్స్ చేత్తో లాగావు. ఆ చుట్ట అంచు బ్లేడు, వేలు తెగుతుంది, ఇంకోసారి చెయ్యకు. సైకిలు చువ్వ వంచి కొక్కెం చేసుకో, అదీ లేత్ ఆపాకే వాడు. చున్నీ తీసి, జడ ముడేసి నిలబడు. గాజులు వద్దు, గ్లవ్స్ అసలే వద్దు. మొదటి బిట్ సానపట్టాక పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీసి పంపు. దాంతో కోసిన చిప్స్ నాలుగు కాగితం మీద పెట్టి అదీ తియ్యి.

ఇట్లు,
మీ పెదతాతయ్య